ఖరగ్‌పూరు తెలుగువారును మెదడు జబ్బుల వైద్యమును

ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారములో పనిచేయు ఫిట్టరొకడు తెల్లవారుజామున లేచి ముఖము కడుగుకొనబోయి, కుడిచేత చెంబు పట్టుకొనలేకపోయెననుకొనుడు. మూతి ఒక ప్రక్కకు లాగినది. భార్యను పిలువబోగా నోట వచ్చినది ఆమె పేరు కాదు. ఏదో అర్థములేని శబ్దము. ఇంటివారు వాతము కమ్మినదందురు. ఒకరు నూనె కాచి మర్దన మొదలుపెట్టుదురు. పెద్దవారొకరు మధ్యాహ్నము వరకు చూతమందురు. మరియొకరు రాత్రి బండికి విశాఖపట్టణము తీసికొనిపోవుదమందురు. అచ్చట మనవారున్నారు, మన మాట తెలిసిన వైద్యులున్నారు గదా! ఈ మాటలన్నియు ప్రేమతో చెప్పినవే. కాని ఆ ఇంటిలో గడచుచున్న ప్రతి నిమిషమునకును ఒక వెల యున్నది.

మెదడునకు నెత్తురు కొనిపోవు పెద్ద నాళమొకటి పూడిపోయినపుడు, చికిత్స జరుగని ప్రతి నిమిషమున సగటున 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టెను. చచ్చిన నాడీకణము మరల పుట్టదు. పక్షవాతమును గుండెపోటుతో సమానమైన అత్యవసర వ్యాధిగా వైద్యులు ఎంచుట ఇందువలననే.

పక్షవాతములో రెండు రకములు కలవు. నెత్తురు గడ్డకట్టి నాళము పూడిపోవుట మొదటిది. ఎక్కువమందికి వచ్చునది ఇదియే. నాళము చిట్లి మెదడులోనికి నెత్తురు కారుట రెండవది. పైకి రెండును ఒకే తీరుగా కనిపించును: చేయి, కాలు పడిపోవును, మాట ముద్దయగును. ఎంత అనుభవము గల వైద్యుడైనను కేవలము చూచి ఇది ఫలానాయని నిశ్చయింపజాలడు. సి.టి. స్కానింగు తీసినచో కొలది నిమిషములలో తేలిపోవును. గడ్డ యున్నచో దానిని కరిగించు సూదిమందు కలదు. అదే మందును నాళము చిట్లిన రోగికి ఇచ్చినచో ప్రాణాపాయము. కావున స్కానింగు లేని చోట ఆ మందు ఇచ్చుటకు వీలులేదు. ఎంత మంచి వైద్యుడున్నను రోగిని అట్టి చోటికి ముందుగా తీసికొనిపోవుట వలన కాలము వ్యర్థమగును.

ఆ సూదిమందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఈ హద్దు ఎట్లు ఏర్పడినదో తెలిసికొనుట మంచిది. 1995లో అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరీక్షలో మూడు గంటలలోపల ఇచ్చిన మందు మేలు చేయునని తేలెను. 2008లో ఐరోపాలో 821 మందిపై జరిగిన మరియొక పరీక్ష ఆ హద్దును నాలుగున్నర గంటలకు పెంచెను. ఒక వైద్యుడు తన గదిలో కూర్చుండి నిర్ణయించిన హద్దు కాదిది. అనేక ఆసుపత్రుల వార్డులును, వానితో ముడిపడిన వైద్య కళాశాలలును ఒకే పద్ధతిని, ఒకే కొలతను అనుసరించి, ఫలితములను ఒక చోట చేర్చినందున ఏర్పడినది. పెద్ద నాళములో గడ్డ యున్న కొందరికి సన్నని గొట్టము ద్వారా దానిని బయటికి లాగు చికిత్స కూడ నేడు కలదు. ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు అది పనికివచ్చునని 2018 నాటికి ఋజువైనది. ఇంతమాత్రమున తొందర లేదనుకొనరాదు. ఆ ఎంపికలో నిలుచువారు కొందరే.

ఖరగ్‌పూరునుండి ఎచ్చటికి?

బెంగాల్-నాగపూరు రైల్వే పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ప్రాంతమునకు వచ్చినది మొదలు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మనవారు కూలికిని, కొలువుకును ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. ఆ రైల్వే 1944లో ప్రభుత్వము చేతికి వచ్చి, 1955లో ఆగ్నేయ రైల్వేగా ఏర్పడినది. తాతలనాటి ఊరితో సంబంధము మాత్రము తెగలేదు. పెండ్లికిని, పండుగకును, జబ్బునకును బండియెక్కి విశాఖపట్టణము పోవు అలవాటు నేటికిని అనేక కుటుంబములలో కలదు. మోకాలి నొప్పికో, కంటి పొరకో ఈ అలవాటు వలన హాని లేదు. పక్షవాతమునకు మాత్రము ఇది ప్రమాదము. విశాఖపట్టణము 750 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఎంత వేగమైన బండియైనను నాలుగున్నర గంటలలో చేర్చజాలదు.

పట్టణములో రైల్వే ఉద్యోగులకు రైల్వే ఆసుపత్రియు, తక్కిన ప్రజలకు ప్రభుత్వ సబ్ డివిజనల్ ఆసుపత్రియు కలవు. కంసావతీనది ఆవలి యొడ్డున, కొలది దూరములోనే, 2004లో ఏర్పడిన మేదినీపూరు వైద్య కళాశాలయు, దాని ఆసుపత్రియు కలవు. సుమారు 115 కిలోమీటర్ల దూరమున కలకత్తాలో నాడీ వ్యాధులకే ప్రత్యేకించిన బాంగూర్ సంస్థ కలదు. ఖరగ్‌పూరులోనే, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనములో ఆరంభమైన ఐ.ఐ.టి. వారు 2001లో వైద్య విజ్ఞాన సాంకేతిక శాస్త్రములకు ఒక విద్యాలయమును నెలకొల్పిరి. వైద్య పట్టము పొందినవారిని చేర్చుకొని మూడేండ్లు ఇంజనీరింగు విద్యను జోడించి నేర్పుట అచ్చటి ప్రత్యేకత. ఆ సంస్థకే చెందిన ఆసుపత్రి బలరాంపూరులో నిర్మింపబడి, 2021 ఫిబ్రవరి 23న ప్రారంభోత్సవము జరుపుకొన్నది.

ఈ పేర్లన్నియు కంఠస్థము చేయవలసిన పనిలేదు. ఇంటిలో అందరు ఆరోగ్యముగా నున్నప్పుడే ఒక దినమున పోయి, రాత్రింబవళ్లు సి.టి. స్కానింగు ఎచ్చట జరుగునో, గడ్డ కరిగించు మందు ఎచ్చట ఇత్తురో, అంబులెన్సును పిలుచు నంబరు ఏదో అడిగి గోడమీద వ్రాసి ఉంచుకొనుడు. రైల్వే ఉద్యోగులు అత్యవసర సమయమున ఏ ఆసుపత్రికి పంపుదురో తమ వైద్యాధికారిని ముందుగానే అడుగవలెను. అర్ధరాత్రివేళ కాగితముల కొరకు పెట్టె వెదకుట చాలమందికి అనుభవమే.

కళాశాల ఆసుపత్రికి ఏమి యిచ్చును?

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో మెదడు శస్త్రచికిత్స ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకొనలేదు. 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాండీయు, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తియు ఆ శాఖను ఆరంభించిరి. వీరిద్దరును, ఎస్.టి. నరసింహన్, బల్‌దేవ్ సింగ్ గారలును కలిసి 1951లో భారత నాడీశాస్త్ర సంఘమును స్థాపించిరి. వేలూరుగాని మద్రాసుగాని ఆ పనికి తగిన చోటగుటకు కారణము భవనములు కావు. ఆసుపత్రి ప్రక్కనే కళాశాల యుండుటచే, ఉదయము వార్డులో చూచిన రోగి స్థితిని మధ్యాహ్నము విద్యార్థులు చర్చించిరి. ఆ విద్యార్థులే పదేండ్లకు ఇతర పట్టణములలో ఆ శాఖను తెరచిరి. మన ప్రాంతమున 1923లో ఆరంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకును విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రికిని గల అనుబంధము ఇట్టిదే.

నేడు ఈ సహకారము ఒక ఊరి గోడల లోపలనే నిలువవలసిన పనిలేదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థయు, కర్ణాటక ప్రభుత్వమును, నీతి ఆయోగును కలిసి 2022లో మెదడు ఆరోగ్య పథకమొకదానిని ఆరంభించిరి. మొదట ఎంచుకొన్న చోట్లలో తెలుగువారు ఎక్కువగా నున్న కోలారు ఒకటి. జిల్లా ఆసుపత్రిలోని సామాన్య వైద్యునికి తలనొప్పి, మూర్ఛ, పక్షవాతము, మతిమరుపు మొదలగు వ్యాధులను గుర్తించు శిక్షణనిచ్చి, అతనికి సందేహము కలిగినపుడు నిపుణుడు దూరమునుండి సలహా యిచ్చు ఏర్పాటిది. ప్రతి రోగిని పెద్ద పట్టణమునకు మోసికొనిపోవుటకంటె విద్యను జిల్లాకు పంపుట చవుక. అంతకంటె ముఖ్యముగా, త్వరితము. ఖరగ్‌పూరువంటి పట్టణమునకు కావలసినది ఈ మార్గమేయని నా అభిప్రాయము.

మాట పోయిన తెలుగువాడు

మనము మొదట చెప్పుకొన్న ఫిట్టరు ఆసుపత్రికి చేరెను. వైద్యుడు బెంగాలీ, నర్సు బెంగాలీ. వారు ప్రశ్నింపగా రోగి మాటాడలేదు. భాష తెలియక ఊరకున్నాడని వారు తలచుటకు అవకాశము కలదు. ఇది ఒక పొరపాటు. దీనికి తలక్రిందులైన పొరపాటు మరియొకటి యున్నది. అది మొదటిదానికంటె మోసకరమైనది. మెదడులో మాటలను గ్రహించు భాగము దెబ్బతిన్నవాడు కొన్ని వేళల గడగడ మాటాడును. స్వరము, విరుపు, వేగము అన్నియు సహజముగానే యుండును. మాటలకు మాత్రము అర్థముండదు. లేని మాటలు కల్పించుకొని పలుకును. తెలుగు తెలిసినవాడు విన్నచో ఒక్క క్షణములో తబ్బిబ్బు పడును. తెలుగు తెలియనివానికి అది చక్కని తెలుగుగనే వినబడును! రోగికి మాట బాగుగనే యున్నదని కాగితముపై వ్రాసినను ఆశ్చర్యము లేదు.

ఇచ్చట ఇంటివారి సాక్ష్యము స్కానింగు వంటిదే. "ఇతడు పలుకునది తెలుగు కాదు, ఏ భాషయు కాదు, నిన్న రాత్రి చక్కగా మాటాడినాడు" అని హిందీలోనో బెంగాలీలోనో స్పష్టముగా చెప్పగలవారు ఒకరు రోగి వెంట నుండవలెను. గడియారము చూపి ఇదేమియని తెలుగున అడుగుట, కన్నులు మూయుమని తెలుగున చెప్పి చూచుట, ఒక చిన్న వాక్యమును తిరిగి పలికించుట, ఈ మూడు పరీక్షలకు వైద్యుడు ఇంటివారి సాయము కోరవచ్చును. అప్పుడు పుస్తకపు మాటలు వాడరాదు. ఇంటిలో వాడు మాటలే వాడవలెను. సంజ్ఞలు చేసి చూపినచో పరీక్ష చెడును, ఏలయన రోగి మాటను గాక చేతిని చూచి గ్రహించును. సాయము చేయవలెనన్న ఆత్రుతతో ఇంటివారే జవాబు అందించుట మరియొక ఇబ్బంది. ఓపిక పట్టవలెను.

పశ్చిమ బెంగాలు మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాషలలో స్థానమిచ్చుటకు అంగీకరించినది. అది సంతోషకరమే. అయినను మంచము ప్రక్కన భాషను పరీక్షించుటకు వేరొక సాధనము కావలెను. అట్టి సాధనమును భారత వైద్య పరిశోధనా మండలి అనేక ఆసుపత్రుల, వైద్య విద్యాసంస్థల సహకారముతో సిద్ధపరచినది. జ్ఞాపకశక్తిని, భాషను, ఆలోచనను పరీక్షించు ఆ పరికరసముదాయము హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను ఐదు భాషలలో ఒకే ప్రమాణముతో తయారైనది. దాని వివరములు 2020లో ప్రకటింపబడెను. ప్రశ్నలను ఒక భాషనుండి మరియొక భాషకు ఊరక మార్చినంత మాత్రమున పని జరుగదు. ఒక భాషలో సులువైన మాట వేరొక భాషలో కఠినము కావచ్చును. చదువురానివానిని వ్రాయుమన్నచో వాని మెదడు చెడినదని తేలును. కావుననే ప్రతి భాషలోను ఆరోగ్యవంతులను ముందు పరీక్షించి కొలత నిర్ణయింపవలసి వచ్చినది. బెంగాలీయు తెలుగును ఒకే సముదాయములో నుండుట ఖరగ్‌పూరు వైద్యులకు కలిసివచ్చిన విషయము.

హైదరాబాదు వార్డులో పుట్టిన ప్రశ్న

భాషను గూర్చి చెప్పునపుడు హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో జరిగిన పనిని విడువరాదు. అచ్చటి మతిమరుపు వ్యాధి క్లినిక్కునకు వచ్చువారిలో ఒకే భాష తెలిసినవారును, తెలుగు, ఉర్దూ, హిందీలలో రెండు మూడు తెలిసినవారును ఉందురు. ఈ తేడా వ్యాధిపై ఏమైన ప్రభావము చూపునా యని సువర్ణ అల్లాడి గారును, సహచరులును ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాక్‌తో కలిసి పరిశీలించిరి. 648 మంది రోగుల వివరములను విచారింపగా, రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు తెలిసినవారికి వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా మొదలైనట్లు కనబడెను. ఇది 2013లో ప్రకటింపబడెను. చదువురానివారిలోను ఈ తేడా కనబడుట విశేషము; చదువు చేసిన మేలును భాష ఖాతాలో వేసిరన్న అనుమానమునకు దీనితో బలము తగ్గినది. అదే బృందము 2016లో పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి వ్రాయుచు, పక్షవాతము తరువాత బుద్ధిశక్తి చెడక నిలిచినవారు బహుభాషలు తెలిసినవారిలో 40.5 శాతము, ఒకే భాష తెలిసినవారిలో 19.6 శాతము అని తెలిపెను.

దీనిని చదివి, ఖరగ్‌పూరులో తెలుగు, హిందీ, బెంగాలీ మూడును మాటాడువారు తమకు మతిమరుపు రాదని నిశ్చింతగా నుండరాదు. భాషలు వ్యాధిని ఆపవు. ఆలస్యమగునని మాత్రమే ఆ పరిశీలన సూచించుచున్నది. ఇంకొక చిక్కు కలదు. హైదరాబాదులో బహుభాషలు వచ్చుట వలస వలన కాదు. పుట్టి పెరిగిన వీధిలోనే అన్ని భాషలు వినబడును. వలసపోయిన వారిలో సాధారణముగా గట్టివారే ముందు బయలుదేరుదురు గనుక, వారి ఆరోగ్యమునకు భాష కారణమో, ఆ గట్టితనమే కారణమో తేల్చుట కష్టమని శాస్త్రజ్ఞులు వెనుకటి పరిశోధనలను ఆక్షేపించుచుండిరి. హైదరాబాదు ఫలితమునకు విలువ వచ్చినది అందువలననే. ఖరగ్‌పూరు తెలుగువారు వలస వచ్చినవారి సంతతి. ఆ లెక్కను ఇచ్చటికి తెచ్చి అతికింపరాదు. ఇచ్చటివారిని ఇచ్చటనే పరీక్షింపవలెను. ఎప్పుడైన ఒక వైద్య కళాశాలనుండి ఎవరైన వచ్చి మీ ఇంటి పెద్దలను ప్రశ్నలు అడుగ గోరినచో, వారి అధికారపత్రమును చూచి, సంశయములు అడిగి తీర్చుకొని, ఇష్టమైనచో పాల్గొనుడు. ఇష్టము లేనిచో నిరాకరించు హక్కు మీకు కలదు. నిరాకరించినందున మీ చికిత్సకు లోపము రాకూడదు.

అనుకొన్నట్లు జరుగని పరీక్షలు

పక్షవాతము వచ్చిన రోగిని ఇంటికి పంపిన తరువాత వ్యాయామము చేయించువారు మన దేశములో తక్కువ. ఇంటివారికే శిక్షణనిచ్చి ఆ పని చేయించినచో రోగి త్వరగా కోలుకొనునని అందరును ఆశించిరి. 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో దీనిని పరీక్షించి 2017లో ఫలితము ప్రకటించిరి. ఆరు నెలల తరువాత మరణించినవారును, ఇతరులపై ఆధారపడినవారును శిక్షణ పొందిన వర్గములో 47 శాతము, పొందని వర్గములోను 47 శాతమే! ఇంటివారి సేవ వృథాయని దీని అర్థము కాదు. తరిఫీదు పొందిన ఫిజియోథెరపిస్టు పనిని ఇంటివారిపై మోపి చేతులు దులుపుకొనరాదని దీని అర్థము.

తరువాతి పరీక్ష ఇట్టి పుస్తకములు వ్రాయువారికి మరింత చేదైనది. పక్షవాతము రెండవసారి రాకుండ రోగులకు పన్నెండు భాషలలో పుస్తకము, చిత్రములు, ఫోను సందేశములు పంపి, 31 కేంద్రములలో 4298 మందిని ఒక సంవత్సరము గమనించిరి. 2023లో ప్రకటించిన ఫలితమును బట్టి, పాఠములు పొందినవారికిని పొందనివారికిని తిరిగి జబ్బు వచ్చుటలో తేడా కనబడలేదు. మందులు క్రమముగా వాడుటలోను, త్రాగుడు మానుటలోను మాత్రము కొంత మెరుగు కనబడినది. కావున ఈ పుస్తకము చదివి ప్రక్కన పెట్టినంత మాత్రమున మీ రక్తపుపోటు తగ్గదు. నెలకొకసారి కొలిపించుకొని, వైద్యుడు చెప్పిన మాత్రను విడువక మ్రింగిననే తగ్గును. తమ ఆశకు విరుద్ధమైన ఫలితమును దాచక ప్రకటించిన ఆసుపత్రులను, కళాశాలలను నమ్మవచ్చును.

మూర్ఛను గూర్చి కొంచెము

కర్మాగారములలో పనిచేయు వారుండు ఊరిలో మూర్ఛను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట, చెప్పు వాసన చూపుట, పండ్ల మధ్య చెంచా దూర్చుట మానవలెను. యంత్రమును ఆపి, మనిషిని ఒక ప్రక్కకు ఒత్తిగిలించి, తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారము చూచుకొనుడు. ఐదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను ఆసుపత్రికి కొనిపోవలెను. ఉద్యోగము పోవునను భయముతో జబ్బును దాచువారి కష్టము మాకు తెలియనిది కాదు. అయినను ఎత్తుమీదను, తిరుగు యంత్రముల నడుమను పనిచేయువాడు దాచినచో తనకే గాక తోటివారికిని అపాయము. మందులు క్రమముగా వాడిన వారిలో పదిమందికి సుమారు ఏడుగురు మూర్ఛలు లేకుండ బ్రతుకగలరు.

ఆసుపత్రికి బయలుదేరునపుడు

పక్షవాతము వచ్చినవారితో పోవువారు నాలుగు సంగతులు ఒక కాగితముపై వ్రాసి వెంట గొనిపోవలెను. రోగి చివరిసారి ఆరోగ్యముగా నున్నది ఎన్ని గంటలకు? జబ్బును మీరు చూచిన వేళ కాదు. అతడు బాగున్నట్లు ఎవరైన చూచిన చివరి వేళ కావలెను. నిద్రలో వచ్చినచో పడుకొన్న వేళ చెప్పుడు. అతడు వాడు మందు లేవి, ముఖ్యముగా నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందు ఏదైన కలదా? మధుమేహము, రక్తపుపోటు, ఈమధ్య జరిగిన శస్త్రచికిత్స మొదలగునవి కలవా? నాలుగవది, అతడు ఇంటిలో మాటాడు భాష తెలుగు అని, ఇతర భాషలలో ఎంతవరకు మాటాడగలడో. వైద్యుడు చూడకముందు నోట నీరుగాని మాత్రగాని వేయకుడు. మ్రింగుట చేతగాక ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ కాగితమును రోగి జేబులో గాక మీ చేతిలోనే ఉంచుకొనుడు.